కషాయం గిన్నెలో ఏది దేనితో పొసగదు

కరక్కాయ మంచిదే, ఐరన్ గోలీ మంచిదే. రెండూ ఒకే పూట మింగితే మాత్రం గోలీలోని ఇనుము చాలావరకు ఒంటికి పట్టదు. కరక్కాయలోని వగరు ఇనుమును పట్టుకుని నల్లటి మడ్డిగా మార్చేస్తుంది. అది విషమేమీ కాదు, గోలీ వేసుకున్న ఫలితం దక్కదంతే. మూలికలు పొసగకపోవడం అంటే చాలాసార్లు ఇలాంటి నష్టమే. నిజంగా ప్రమాదం ఉన్న చోట్లు కొన్ని ఉన్నాయి, అవి కింద వస్తాయి.

దగ్గుకు ఏది, షుగరుకు ఏది అని రోగాన్నిబట్టి మూలికను ఎంచుకోవడం అందరూ చేసేదే. గిన్నెలో వేసేముందు ఇంకొకటి అడగాలి: ఇది నీళ్లలోకి ఏం దింపుతుంది? నాలుక మీద చిటికెడు వేసుకుంటే సగం జవాబు దొరుకుతుంది. నోరు బిగిస్తే అది టానిన్ అనే వగరు పదార్థం. కరక్కాయ, తానికాయ, దానిమ్మ తొక్క, తుమ్మ చెక్క, తెల్లమద్ది చెక్క, తంగేడు చెక్క ఈ జాతివి. తంగేడు చెక్కతో తోళ్లు ఊనేవారంటే అందులో వగరు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. అడ్డసరం, కొడిశపాల చేదుకు ఆల్కలాయిడ్లు అనే, మందు గుణమున్న పదార్థాలు కారణం. నేలవేము చేదు మాత్రం వేరే రకం. సీసాలో నీళ్లతో గిలకొడితే పావుగంటైనా నురగ నిలిచేవాటిలో సపోనిన్లుంటాయి: కుంకుడు, అతిమధురం, శతావరి. ఇక జిగురువి, ఘాటు వాసన వేసేవి, పుల్లనివి తెలుస్తూనే ఉంటాయి.

ముందు నీళ్ల సంగతి

నల్గొండ, పాలమూరు జిల్లాల్లో మూలికల కంటే ముందు ఈ మాట చెప్పాలి. కషాయం కాచడమంటే నీళ్లను ఆవిరి చేయడం. నీళ్లు పోతాయి, వాటిలోని ఫ్లోరైడ్ పోదు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు 1600 మిల్లీలీటర్లు పోసి 400కు దించారనుకోండి. ఆ కషాయంలో ఫ్లోరైడ్ లీటరుకు 8 మిల్లీగ్రాముల చొప్పున చిక్కబడుతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు. రోజుకు 100 మిల్లీలీటర్ల కషాయం తాగితే దాంట్లోనే 0.8 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. వారం రోజుల దగ్గు మందుకైతే ఇది పెద్ద లెక్క కాదు. నెలల తరబడి తాగే కషాయానికి, అదీ మర్రిగూడ, మునుగోడు లాంటి చోట్ల ఏళ్లకేళ్లు బోరు నీళ్లు తాగిన ఒంటికి, ఇది లెక్కలోకి తీసుకోవాల్సిందే.

బోరు నీళ్లతో రెండో చిక్కు సున్నపు లవణాలు. నీళ్లు మరిగేకొద్దీ వాటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి, నీళ్లు క్షారం వైపు మొగ్గుతాయి. క్షారంలో వగరు పదార్థాలు గాలితో కలిసి తొందరగా గోధుమరంగుకు తిరుగుతాయి, సున్నంతో కలిసి పైన పొరలా తేలుతాయి. బోరు నీళ్లతో పెట్టిన చాయ్ మీద మెరిసే తెట్టు కూడా ఈ సంగతే. త్రిఫల కషాయం మీద అలాంటి తెట్టు కనిపిస్తే నీళ్లు మార్చాలని అర్థం.

కాబట్టి కషాయానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు, ఆర్వో నీళ్లు, లేదా శుభ్రంగా పట్టిన వాన నీళ్లు వాడండి. చిల్లగింజ అరగదీసి తేర్చిన నీళ్లు చాలుననుకుంటారు కొందరు. చిల్లగింజ బురదను కిందికి దించుతుంది, కరిగి ఉన్న ఫ్లోరైడ్‌ను తీయదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు, అది మంచి పద్ధతే. అయితే ఆ నీళ్లలో కొంత అల్యూమినియం మిగిలే వీలుంది, వగరు మూలికలు దాన్ని పట్టుకుంటాయి. వేరే నీళ్లు దొరికితే కషాయానికి అవే నయం.

గిన్నె

స్టీలు గిన్నె వాడండి, లేదా పింగాణీ పూత చెదరని గిన్నె. మట్టి కుండ కూడా పనికొస్తుంది. కాకపోతే పోయినసారి కాచినదాని వాసన, వగరు కుండ పీల్చుకుని ఉంటుంది గనక ఒక కుండను ఒక రకం కషాయానికే కేటాయించాలి.

ఇనుప మూకుడులో కరక్కాయ కాస్తే సిరా తయారవుతుంది. ఇది మాటవరసకు అన్నది కాదు, పాతకాలపు రాతసిరా తయారీ నిజంగానే వగరుకాయలు, ఇనుప లవణం కలపడమే. రాగి, కళాయి లేని ఇత్తడి గిన్నెల్లో ఉసిరి, నిమ్మ, చింత పడితే రాగి కరిగి దిగుతుంది. పైగా ఉసిరిలోని సి విటమిన్‌ను రాగి వేగంగా పాడుచేస్తుంది, కొంచెం రాగి కరిగినా చాలు. మనం సిల్వర్ గిన్నె అని పిలిచే అల్యూమినియం గిన్నె పులుపుకు పనికిరాదు, తినే సోడా లాంటి క్షారానికీ పనికిరాదు. వంటింట్లో రోజూ వాడుతున్నాం కదా అంటారు. కూర పావుగంటలో దిగుతుంది, కషాయం గంటసేపు మరుగుతుంది.

వగరు ఎక్కడ అడ్డం పడుతుంది

గిన్నెలో జరిగే గొడవల్లో చాలావరకు టానిన్లవే. అవి మూడింటిని పట్టుకుంటాయి: లోహాలను, ఆల్కలాయిడ్లను, మాంసకృత్తులను.

దగ్గుకు అడ్డసరం ఆకు కాచుతూ, గొంతుకు మంచిదని అందులోనే కరక్కాయ ముక్కలు వేయడం చాలా ఇళ్లలో ఉంది. అడ్డసరంలోని ముఖ్యమైన ఆల్కలాయిడ్ వాసిసిన్. కరక్కాయ టానిన్ దాన్ని అంటుకుని సరిగా కరగని జంటగా మారుతుంది. వేడిగా ఉన్నంతసేపు కషాయం తేటగానే కనిపిస్తుంది, చల్లారాక మబ్బుపడుతుంది. కాసేపటికి అడుగున సన్నటి గసి దిగుతుంది. ఉదయం పైన తేట తాగిన మనిషికి మందు తక్కువ అందుతుంది, రాత్రి అడుగుది వంచుకున్న మనిషికి ఎక్కువ అందుతుంది. అడ్డసరంతో ఇలా జరిగితే పెద్ద హాని లేదు. బలమైన ఆల్కలాయిడ్‌తో జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. ముష్టి గింజలోని స్ట్రిక్నిన్ ఉన్న ద్రవ మందులో క్షారం కలిస్తే స్ట్రిక్నిన్ అడుగుకు దిగి, సీసాలోని చివరి మోతాదు విషమవుతుందని ఫార్మసీ విద్యార్థులకు పాఠంగానే చెబుతారు. నల్లమలలో ముష్టి చెట్లకు కొదవ లేదు. ముష్టి, ఉమ్మెత్త, వత్సనాభి, గన్నేరు ఇంటి గిన్నెలోకి రాకూడదు, శుద్ధి చేశామని ఎవరు చెప్పినా సరే.

వగరు, చేదు కలవడం ప్రతిసారీ తప్పేమీ కాదు. నీళ్ల విరేచనాలకు కొడిశపాల చెక్క, దానిమ్మ తొక్క కలిపి వాడటం ఆయుర్వేదంలో పాత జోడీ. అక్కడ మందు పనిచేయాల్సింది పేగులోనే, రక్తంలోకి ఎక్కాల్సిన పని లేదు. ఆల్కలాయిడ్ నెమ్మదిగా విడుదలైతే ఇంకా మేలు. మలేరియా మందు క్వినైన్‌ను టానిన్‌తో కలిసిన టానేట్‌గా మార్చి పిల్లలకు ఇచ్చిన రోజులున్నాయి, చేదు తెలియకుండా ఉంటుందని. అందుకే ఏది కలపాలో తేల్చుకునే ముందు ఆ మందు ఎక్కడ పనిచేయాలో చూసుకోవాలి. దగ్గు మందు రక్తంలోకి ఎక్కాలి కాబట్టి అక్కడ కరక్కాయ వద్దు. కరక్కాయ కూడా కావాలంటే రాత్రి పడుకునేముందు విడిగా త్రిఫల చూర్ణంగా తీసుకోవచ్చు, అడ్డసరం కషాయాన్ని పొద్దున, మధ్యాహ్నం తాగవచ్చు. ఏ మూలికనూ మానేయాల్సిన పని లేదు, గిన్నె మారిస్తే, పూట మారిస్తే చాలు.

పులుపు, క్షారం

దగ్గు కషాయంలో అతిమధురం వేసి, తాగేముందు నిమ్మకాయ పిండే అలవాటు ఒకటుంది. నకిరేకల్ నిమ్మ మార్కెట్ పక్కనే ఉంటే చెయ్యి ఊరుకోదు కదా. అతిమధురంలో తీపినిచ్చే గ్లిసరైజిన్ పులుపు పెరిగితే కరిగి ఉండలేదు. నిమ్మరసం పడగానే కషాయం పాలచాయకు తిరుగుతుంది, తీపి తగ్గుతుంది, కాసేపటికి అడుగున గోధుమరంగు గసి పేరుకుంటుంది. నిమ్మ కావాలంటే గంట తర్వాత వేరే నీళ్లలో పిండుకుని తాగండి.

క్షారం ఇంకా మొండిది. తినే సోడా, సున్నపు తేట, ఉత్తరేణి బూడిద నీళ్లు, యవక్షారం ఈ కోవలోవి. పసుపులోని కుర్‌కుమిన్ క్షారంలో ఎర్రబడి, అక్కడితో ఆగకుండా విరిగిపోతుంది. పసుపు, సున్నం కలిస్తే కుంకుమ రంగు రావడం ప్రతి ఇంట్లో తెలిసిన సంగతే, అయినా అదే జోడీని తాగే మందులో వేసేవాళ్లున్నారు. నేలవేము చేదుకు కారణమైన ఆండ్రోగ్రాఫోలైడ్ కూడా క్షారంలో నిలవదు. చేదు తగ్గాలని చిటికెడు సోడా వేస్తే చేదుతోపాటు మందు కూడా తగ్గుతుంది. ఆల్కలాయిడ్ల సంగతి ముష్టి దగ్గర చూశాం.

నీళ్లలోకి దిగనివి, పొయ్యి మీద నిలవనివి

పసుపు కషాయంలో పసుపు కరగదు, తేలుతుంది. కుర్‌కుమిన్‌కు నూనె, నెయ్యి, పాల వెన్న కావాలి. మిరియాల్లోని పైపరిన్ కూడా నీళ్లలో అంతంతమాత్రమే కరుగుతుంది. అందుకే సొంఠి, పిప్పళ్లు, మిరియాలు సమానంగా కలిపిన త్రికటును తేనెతో చూర్ణంగా నాకడం కషాయం కంటే నయం. మిరియాలతో పసుపు ఎక్కువ ఒంటపడుతుందన్న మాటకు ఆధారం 1998లో బెంగళూరు నుంచి వచ్చిన అధ్యయనం. 2 గ్రాముల కుర్‌కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే రక్తంలో లభ్యత 2000 శాతం పెరిగిందని అందులో రాశారు. ఆ అంకె అందరి నోటా ఉంది, 2 గ్రాముల సంగతే ఎవరూ చెప్పరు. పసుపులో కుర్‌కుమిన్ ఇంచుమించు 3 శాతం ఉంటుంది, అంటే 2 గ్రాములంటే 60 గ్రాములకు పైగా పసుపు. చెంచా పసుపుకు, ఆ అంకెకు పొంతన లేదు.

వాము, తులసి, లవంగం, ఏలకుల మందు వాటి వాసన నూనెలోనే ఉంది. ఇల్లంతా ఘుమఘుమలాడుతోందంటే గిన్నెలో ఉండాల్సింది గాల్లోకి పోయిందని. వీటిని పొయ్యి దించాకే వేసి, మూతపెట్టి 10 నిమిషాలు ఉంచాలి. అచ్చంపేట, మన్ననూరు వైపు అడవి నుంచి వచ్చే సుగంధిపాల వేరుకైతే పొయ్యే వద్దు. 10 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి 60 మిల్లీలీటర్ల చల్లని నీళ్లలో రాత్రంతా నానబెట్టి పొద్దున వడకడితే చాలు. ఆయుర్వేదంలో దీన్నే హిమం అంటారు, మూలికకు ఆరింతల నీళ్లు.

ఇసబ్గోల్, సబ్జా, తుమ్మబంక లాంటి జిగురు వస్తువులు కడుపులో వేరే మందుల చుట్టూ పొరకట్టి అవి ఒంటపట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. వీటికి, మిగతా మందులకు 2 గంటల ఎడం ఉండాలి. అరిష్టం అనే పులియబెట్టిన ఆయుర్వేద మందులో సహజంగా పుట్టిన సారా ఉంటుంది కాబట్టి జిగురు మూలికను అందులో కలిపితే తీగలు తీగలుగా ముద్దకడుతుంది.

ఇదంతా ఒక గిన్నెలో పెడితే

పెద్దలకు ఒక రోజుకు సరిపడే దగ్గు కషాయం ఇది: ఎండిన అడ్డసరం ఆకు 10 గ్రాములు, సొంఠి 5, అతిమధురం 4, మిరియాలు 1. మొత్తం 20 గ్రాములు. మెత్తటి పొడి చేయవద్దు, బొంబాయి రవ్వ కంటే గరుకుగా దంచాలి. మెత్తని పొడి అడుగంటి మాడుతుంది, వడకట్టేటప్పుడు బట్టను మూసేస్తుంది.

16 రెట్లు, అంటే 320 మిల్లీలీటర్ల నీళ్లు పోసి అరగంట నానబెట్టండి. మూత లేకుండా, సన్నటి మంట మీద 80 మిల్లీలీటర్లకు దించండి. మొదట గిన్నెలో 80 మిల్లీలీటర్లు కొలిచి పోసి, చెంచా కాడను నిలబెట్టి తడి ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసుకుంటే అందాజు లెక్కలు తప్పుతాయి. మంట పెంచి పది నిమిషాల్లో ఇగిరించిన కషాయం రంగు బాగానే వస్తుంది గాని, గట్టి ముక్కల్లోని సారం పూర్తిగా దిగదు. దించగానే 10 తులసి ఆకులు తుంచి వేసి మూతపెట్టండి. 10 నిమిషాల తర్వాత గుడ్డలో వడకట్టి గట్టిగా పిండండి. వేలు పెట్టగలిగేంత గోరువెచ్చనయ్యాక చెంచా తేనె కలపండి. వేడిలో తేనె వేయకూడదన్నది ఆయుర్వేదం మాట, వేడికి తేనెలో హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుందన్నది రసాయనం మాట. 40 మిల్లీలీటర్ల చొప్పున రెండు పూటలు, అదే రోజు అయిపోవాలి.

గర్భిణులకు ఇది ఇవ్వకూడదు, వాసిసిన్ గర్భాశయాన్ని ముడిచేలా చేస్తుంది. బీపీ ఉన్నవాళ్లకు అతిమధురం తీసేయండి. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలే వద్దు.

కలపొచ్చో లేదో చూడటం

కొత్త జోడీ అనుకున్నప్పుడు రెంటినీ విడివిడిగా కాచి, బాగా వడకట్టి, రెండు గాజు గ్లాసుల్లో చల్లారనివ్వండి. మూడో గ్లాసులో రెండూ 20 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, వెనుక తెల్లకాగితం పెట్టి అరగంట చూడండి. మబ్బుపట్టినా, తరకలు తేలినా, రంగు మారినా ఆ రెంటినీ వేర్వేరు పూటలకు మార్చండి. ముందే కలిపి కాస్తే ఇది కంటికి చిక్కదు, మడ్డి పిప్పితోపాటు గుడ్డలోనే ఉండిపోతుంది. తేటగా ఉన్నంత మాత్రాన ఒంట్లో కూడా పొసుగుతాయని కాదు, గిన్నెలో తగాదా లేదని మాత్రమే.

వగరు ఉందో లేదో తేలాలంటే ఐరన్ గోలీ ముక్కను నీళ్లలో నూరి, ఆ తేట రెండు చుక్కలు కషాయంలో వేయండి. నీలి నలుపుకో పచ్చని నలుపుకో తిరిగితే టానిన్ ఉన్నట్టే. ఆ నల్లటి నీళ్లలోనే నిమ్మరసం పిండితే రంగు వెలిసిపోతుంది, నిమ్మ పులుపు ఇనుమును టానిన్ చేతిలోంచి లాక్కుంటుంది. ఐరన్ గోలీని నిమ్మనీళ్లతో వేసుకోమనడంలో ఈ సంగతి కొంత ఉంది. పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి.

పాలతో

పాలలో కాచాలంటే మూలిక 1 వంతు, పాలు 8 వంతులు, నీళ్లు 32 వంతులు. తెల్లమద్ది చెక్క పొడి 5 గ్రాములకు 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, నీళ్లన్నీ ఇగిరి పాలంత మిగిలేదాకా కాచాలి. మద్ది వగరును పాలలోని కేసీన్ పట్టుకుంటుంది కాబట్టి నోటికి, కడుపుకు మెత్తగా ఉంటుంది. అదే ధైర్యంతో ఉసిరి పొడి వేస్తే పాలు విరుగుతాయి. గుండె మందులు వాడుతున్నవాళ్లు మద్ది మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పాలి.

చూర్ణాల్లో ఒకే పెద్ద చిక్కు తడి. సైంధవం, యవక్షారం కలిసిన పొడి వానాకాలంలో గడ్డకడుతుంది, ఉప్పును ఏ రోజుకారోజు కలుపుకోవాలి. కర్పూరం, వాము పువ్వు (థైమాల్), పుదీనా పువ్వు (మెంథాల్) మూడూ పొడివస్తువులే, ఒకచోట కలిపితే నిమిషాల్లో నీళ్లలా కరిగిపోతాయి. అమృతధార తయారయ్యేది అలాగే. వీటిలో ఏ రెండింటిని చూర్ణంలో వేసినా చూర్ణం ముద్దవుతుంది. కర్పూరం చిన్నపిల్లలకు విషం, వాళ్ల నోటికి, ముక్కుకు అందనివ్వవద్దు.

గోలీలు వేసుకునేవాళ్లకు

ఇక్కడ నష్టం కాస్తా ప్రమాదంగా మారుతుంది. ఐరన్ గోలీకి, వగరు కషాయానికి కనీసం 2 గంటల ఎడం ఉండాలి, చాయ్‌కి కూడా అంతే. థైరాయిడ్ గోలీ పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి, ఐరన్, కాల్షియం దానికి 4 గంటల దూరంలో ఉండాలి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు వాడే రోజుల్లో పాల కషాయాన్ని వాటి దగ్గరికి రానివ్వవద్దు, కాల్షియం వాటిని కట్టేస్తుంది.

అతిమధురం ఒంట్లోని పొటాషియంను తగ్గిస్తుంది. నీరు పోవడానికి ఇచ్చే బీపీ గోలీల్లో చాలావాటిదీ అదే పని, రోజూ వాడే సునాముఖి విరేచన మందుదీ అదే. మూడూ కలిస్తే కండరాలు చచ్చుబడవచ్చు, గుండె లయ తప్పవచ్చు, గుండె మందు డిగాక్సిన్ వాడేవాళ్లకు ఇంకా గడ్డు. ఇక్కడ గంటల ఎడం పనిచేయదు, మానడమే దారి. షుగరు గోలీలతో పొడపత్రి, మెంతులు, కాకర, తంగేడు పువ్వు కషాయం తీసుకుంటే చక్కెర కిందికి జారిపోవచ్చు. మొదటి రెండు వారాలు పరగడుపున పరీక్ష చేసుకుంటూ, డాక్టరుకు చెప్పి నడవాలి. ఫిట్స్‌కు ఫెనిటాయిన్, ఉబ్బసానికి థియోఫిలిన్, బీపీకి ప్రొప్రనొలాల్ వాడేవాళ్లు త్రికటు లాంటి మిరియాల మందులు రోజూ తినకూడదు, పైపరిన్ ఆ మందుల మోతాదును రక్తంలో పెంచుతుంది. గుగ్గులు దీనికి తలకిందులు, ప్రొప్రనొలాల్‌ను, గుండె, బీపీ మందు డిల్టియాజెమ్‌ను తగ్గించేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లు వెల్లుల్లి, అల్లం, పసుపు క్యాప్సూళ్లకు దూరంగా ఉండాలి, కూరలో వేసుకునేంత సంగతి వేరు.

మిగిలిన కషాయాన్ని ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికి మించి ఉంచవద్దు, బయటపెడితే ఎండాకాలంలో సాయంత్రానికే పులుస్తుంది. తేనె గాని బెల్లం గాని కలిపిన కషాయాన్ని బిగుతు మూత సీసాలో పోస్తే గ్యాసు పట్టి మూత ఎగురుతుంది, సీసా పగిలే వీలు కూడా ఉంది. సీసా మీద కాచిన తేదీ, వేసిన మూలికల పేర్లు రాసి అంటించండి. ఆసుపత్రికి పోవాల్సి వస్తే గోలీల చీటీతోపాటు ఆ సీసా కూడా డాక్టరుకు చూపించాలి.